నేను చూడని పది నిమిషాలు

మొన్న ఏదో పని ఉండి మా పాత హాలు వైపు పోయాను. ఆదోనిలో నేను దాదాపు నలభై ఏళ్లు సినిమా ఆపరేటర్‌గా చేసిన హాలు అది. ఇప్పుడు పైన క్యాబిన్‌లో శిరీష అనే అమ్మాయి పని చేస్తోంది. దీపానికి కాల్చే కార్బన్ కడ్డీల పొగ లేదు, రీళ్లు లేవు. ఒక పెట్టె ఉంది, మీట నొక్కితే సినిమా మొదలవుతుంది. ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక ప్రశ్న అడిగింది.

"తాతా, మీ కాలంలో మూడు గంటలసేపు ఈడ కూసోని ఏం జేస్తాంటిరి?"

"సినిమా సూస్తాంటిమి" అన్నాను.

అన్నానే గానీ, మెట్లు దిగుతుంటే ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. అబద్ధం చెప్పాను. అందరికంటే ముందు నేను చూడాల్సిన పది నిమిషాల సినిమా ఒకటి ఉండేది. దాన్ని నెలల తరబడి నా చేత్తోనే ఆడించాను, ఒక్కసారి కూడా చూడలేదు. ఆ చూడకపోవడం వల్ల నా సంసారం చెడిపోయేంత పనైంది. శిరీషకు చెప్పాల్సిన జవాబు అది. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలకూ పనికొస్తుందేమో అని రాస్తున్నాను.

సగం చీకటి

నాకు పని నేర్పినవాడు రసూల్ సాబ్. మేమంతా ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, వేళ్లకు కార్బన్ మసి. నేను చేరిన మొదటి వారం ఒక పొద్దున ఆయన మెషీన్‌లోకి రీలు ఎక్కించి, దీపం వెలిగించకుండా లోపల టార్చి లైటు పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పాడు. తెర మీద మసకగా ఒక బొమ్మ వచ్చి నిలబడింది. తర్వాత మెషీన్‌లోని రేకు అడ్డం వచ్చి తెర చీకటైంది. ఆ చీకట్లో ఫిలిం ఒక్క బొమ్మంత కిందికి జరిగింది. రేకు తొలిగింది. ఇంకో బొమ్మ, అదీ కదలకుండా నిలబడింది. మళ్లీ చీకటి.

"సూసినావా బేటా? బొమ్మ ఎప్పుడూ కదల్లేదు. సెకనుకు ఇరవై నాలుగు సార్లు నిలబడింది, అంతే. మూడు గంటల సినిమాలో సగంసేపు హాలంతా చీకటే. ఆ చీకటి మీద జనాలు ఏడుస్తారు, నవ్వుతారు, ఈలలేస్తారు" అన్నాడు.

అప్పటిదాకా సినిమా అంటే వెలుతురు అనుకున్నాను. ఈ రోజుకీ నాకు అంతకంటే పెద్ద విడ్డూరం ఇంకోటి కనిపించలేదు. మనిషి కంటి లోపల ఎవరో కూర్చుని, విడివిడి బొమ్మల్ని దూదిని దారంగా వడికినట్టు కలిపేస్తున్నారు. దేవుడో, ఇంకెవరో నాకు తెలియదు. ఈ పని చేసేవాడికి ఆ ఆశ్చర్యం పోయిన రోజున క్యాబిన్ తాళాలు ఇచ్చేసి వెళ్లిపోవడం మంచిది.

ఉస్తాద్ నాకు రెండే రెండు మాటలు చెప్పాడు. తాగి మెషీన్ ముట్టుకోవద్దు. మెషీన్‌ను చూడొద్దు, తెరను చూడు.

మొదటి మాట నలభై ఏళ్లూ తప్పలేదు. రెండోది చేరిన ఏడాదే తప్పాను. ఒక సినిమాలో పన్నెండో రీలు ముందు ఎక్కించి, పదకొండోది తర్వాత ఎక్కించాను. హీరో తమ్ముడు చచ్చిపోయి, పాడె మీద పోయి, వెంటనే తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చి డ్యూయెట్ పాడాడు. జనం కిక్కురుమనలేదు. ఆత్మ అనుకున్నారట! ఉస్తాద్ కింది నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నేను కిటికీకి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాను.

"మిషన్ సెడిపోతే మిస్త్రీ వస్తాడు. పర్దా సూడనోడు ఆపరేటర్ ఎట్లయితాడ్రా? సైకిల్ స్టాండులో నిలబడు పో" అన్నాడు.

సిగ్గుపడ్డాను. నాలుగు రోజులు తెరనే చూశాను. తర్వాత మామూలే.

కొంగ డాక్టరు

మా ఓనరుకు రెండు హాళ్లు, ఒకటి ఆదోనిలో, ఇంకోటి ఎమ్మిగనూరులో. ఎక్కడి నుంచి తెచ్చాడో, ఒకసారి కార్టూన్ రీలు ఒకటి తెచ్చాడు. ఇంగ్లీషుది. పది నిమిషాలు ఉంటుంది. జనం వచ్చి కూర్చునేదాకా అసలు సినిమాకు ముందు దాన్ని వేసేవాళ్లం. వారంలో కొన్నాళ్లు మా దగ్గర, కొన్నాళ్లు ఎమ్మిగనూరులో. రేకు డబ్బాలో పెట్టి బస్సు కండక్టరు చేతికిస్తే అదే పోయేది, అదే వచ్చేది. అది ఊళ్లో లేని రోజు గవర్నమెంటు న్యూస్ రీలు వేసేవాళ్లం.

మంచి డాక్టరొకడు తన మందు తానే తాగి రాక్షసుడయ్యే భయం కథ ఒకటి ఇంగ్లీషు వాళ్లకు ఉంది. చదువుకున్నవాళ్లకు తెలిసే ఉంటుంది. దానికి ఇది వెక్కిరింపు. ఇందులో డాక్టరు ఒక కొంగ. తెల్లకోటు, ముక్కు చివర కళ్లద్దాలు. కాంపౌండరేమో కప్ప. కొంగ కప్పకు జ్వరం చూస్తోందంటేనే హాల్లో నవ్వులు మొదలయ్యేవి. కొంగ సీసాలోని పచ్చ మందు తాగుతుంది. దున్నపోతు కొమ్ములు వస్తాయి, ఈకలు ముళ్లవుతాయి, గర్జిస్తుంది, సామాను పగలగొడుతుంది, కప్పను గోడకేసి కొడుతుంది. మత్తు దిగుతుంది. మళ్లీ కొంగవుతుంది. ఏడుస్తుంది, కప్పకు కట్టు కడుతుంది, కప్ప తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తుంది. ఒట్టేస్తుండగానే రెండో చెయ్యి తనంతట తాను సీసా వైపు పాకుతుంది.

అక్కడికొచ్చేసరికి పత్తి జిన్నింగు మిల్లు ఆడవాళ్లు బెంచీలు చరిచి నవ్వేవాళ్లట. ఒకామె రోజూ అదే చోట అరిచేదట. "అది కొంగ కాదమ్మా, మా ఇంటాయనే!"

నవ్వేవాళ్లట అని ఎందుకంటున్నానంటే, ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. రీలు ఎక్కించి, దీపం సరిచూసి, మొదటి రెండు బొమ్మలు తెర మీద పడగానే నేను వెనక మెట్లు దిగి పోయేవాణ్ణి. పెద్ద సినిమాలో ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు మారుస్తూ ఉండాలి, కాలు బయట పెట్టే వీలుండదు. ఇది ఒకే రీలు. మా మెషీన్‌లో కార్బన్లను ముందుకు జరిపే మోటారు ఉండేది. పది నిమిషాలు ఎవరూ లేకున్నా ఆడుతుంది. హాలు వెనక సందులో సారా అంగడి. పోయి, సీసా నింపించుకుని, చొక్కా కింద పెట్టుకుని వచ్చేసరికి రీలు చివర ఉండేది.

సీసా ఇంటికే. క్యాబిన్‌లో మూత తీసేవాణ్ణి కాదు. ఉస్తాద్ మొదటి మాట నిలబెట్టానని నాకు పెద్ద గర్వం!

ఇంట్లో

నా భార్య లక్ష్మి. వాళ్ల పుట్టిల్లు మంత్రాలయం దగ్గర మాధవరం. ఆదోనిలో జిన్నింగు మిల్లుకు పోయేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల నిండా దూది పోగులు ఉండేవి. మాకు ఒక్కతే కూతురు, పద్మ. అప్పుడు ఆరేళ్లు.

నేను ఇంటికి రాగానే సీసా గూట్లో పెట్టి, కాళ్లు కడుక్కుని, కూర్చుని, తాగేవాణ్ణి. తర్వాత ఏం చేసేవాణ్ణో దాచను. అరిచేవాణ్ణి. పళ్లెం విసిరేవాణ్ణి. లక్ష్మిని కొట్టేవాణ్ణి. పద్మ తలుపు వెనక నిలబడేది, ఏడ్చేది కాదు. పొద్దున్నే ఒట్లు వేసేవాణ్ణి. "నేను గాదు లచ్చిమీ, ఆ సారా నాతో జేయిస్తాంది" అనేవాణ్ణి. తాగినవాడికి అంతకంటే సుఖమైన మాట ఇంకోటి దొరకదు. ఆ మాట నేను నిజంగానే నమ్మాను.

కొన్ని నెలలకు సారా పలచగా తగలడం మొదలైంది. అంగడివాడు కల్తీ చేస్తున్నాడని అనుమానం వచ్చింది. వారం వారం ఇంకా పలచనయ్యేది. ఒకరోజు పోయి వాడి చొక్కా పట్టుకున్నాను.

"ఏమిరా, నీళ్లు కలిపి అమ్ముతాండావా?"

"ఉరుకుంద ఈరన్న సామి మీద ఆన అప్పా! సుక్క నీళ్లు కలిపింటే నా సేతులు పడిపోనీ! ఊర్లో అందరూ ఇదే తాగుతాండారు. నీ నాలుకకే ఏందో రోగమొచ్చింది" అని వాడు లబోదిబోమన్నాడు.

ఆ రోజు ఇంటికి పోయి అంగడివాడి మీది కోపం కూడా లక్ష్మి మీదే తీర్చుకున్నాను.

ఆమె అరవలేదు. మరుసటి శనివారం పొద్దున ట్రంకు పెట్టె తీసి చీరలు మడిచి పెట్టింది. అడుగున పద్మ పలక పెట్టింది.

"యాడికి పోతాండావు?" అన్నాను.

"సోమారం బస్సుకు మాధవరం పోతాం. రేపు పాపకు బొమ్మల సినిమా సూపిస్తానని మాటిచ్చినా, అందుకు ఆగినా. మళ్లీ వస్తానో రానో నాకే తెలీదు" అంది.

కోపంగా అంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన చీటీ

ఆదివారం పొద్దున పిల్లల ఆట. పనివాళ్ల ఇళ్లవాళ్లు ఊరికే చూడొచ్చు. లక్ష్మి, పద్మ ప్రతి ఆదివారం వచ్చి ఆడవాళ్ల బెంచీల్లో నాలుగో వరసలో కూర్చునేవాళ్లు.

కార్టూన్ డబ్బా ఆ రోజే ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చింది. మూత తీస్తే రీలు పైన ఒక చీటీ ఉంది. అక్కడి ఆపరేటర్ నాగప్ప రాశాడు. ఫిలిం అంచుల్లో చిల్లులు చాలా చోట్ల చినిగాయి, గేటు దగ్గర వేలు పెట్టి పట్టుకుని ఆడించు, వదిలితే తెగుతుంది, అని.

ఇంక ఎక్కడికి పోతాను? రీలు ఎక్కించాను. దీపం ముందు ఫిలిం జారే ఆ గేటు మీద వేలు ఆనించి, తల వంచి కిటికీలోంచి తెర వైపు చూశాను. నెలల తరబడి నేను ఆడించిన బొమ్మను ఆ రోజు మొదటిసారి చూశాను.

మొదట నవ్వాను. ఒట్టేస్తూ సీసా వైపు పాకే చెయ్యి చూసి ఇంకా నవ్వాను. జిన్నింగు మిల్లు ఆమె అరిచింది. అప్పుడు నవ్వు కొంచెం తగ్గింది. పొద్దుటి ఒట్లు నావే. నేను గాదు, మందు చేయిస్తోంది అన్నట్టు కొంగ సీసా వైపు వేలు చూపించే తీరూ నాదే. వేలు గేటు మీద ఉంది, అది కాలుతున్నా తీయలేకపోయాను.

తర్వాత కప్ప లేచింది. కొంగ పడుకుని గురక పెడుతుంటే, కుంటుకుంటూ పోయి, సీసాలోని మందు కొంచెం పారబోసి అంత నీళ్లు పోసింది. మరుసటి రోజు ఇంకొంచెం. చివరికి సీసా అంతా నీళ్లే. పైన వాసన కోసం ఒక్క చుక్క మందు. కొంగ లేచి గటగటా తాగింది. తాగి ఎదురుచూసింది. కొమ్ములు రాలేదు. ఈకలు ఈకల్లాగే ఉన్నాయి. అయినా ఆ పిచ్చి కొంగ ఛాతీ బాదుకుని, సన్నటి కొంగ గొంతుతోనే గర్జించడం మొదలుపెట్టింది! పళ్లెం విసిరింది! కప్ప మీదికి కాలెత్తింది!

హాలు పగిలిపోయేలా నవ్వింది. పిల్లలు బెంచీలెక్కి ఎగిరారు.

తెర వెలుతురు జనం మొహాల మీద పడుతోంది. నాలుగో వరసలో పద్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. అంత హాల్లో అది ఒక్కతే వెనక్కు తిరిగి, తల పైకెత్తి, నా కిటికీ వైపు చూసింది. నాయన నవ్వుతున్నాడా లేదా అని చూసిందేమో, నాకు తెలియదు. లక్ష్మి చెయ్యి చాచి దాని తలను మళ్లీ తెర వైపు తిప్పింది.

అప్పుడు తెలిసింది. నేను కాళ్లు కడుక్కునే ఆ కాసేపు, గూట్లోని సీసా. పలచనైన సారా. అంగడివాడి ఒట్టు. వాడు నిజమే చెప్పాడు.

దీపం కింద చీకటి అంటారు. ఆ దీపం వెలిగించేవాణ్ణి నేనే. లక్ష్మి ఏం చేస్తోందో నా చేత్తోనే ఊరంతటికీ రోజూ చూపించాను. ఆదోనిలో అది చూడనివాణ్ణి నేనొక్కడినే. దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. సీసాలో నీళ్లుండగా నేను కొట్టాను. సారా ఏమీ చేయించలేదు. నేనే చేశాను.

పధ్నాలుగు వేల బొమ్మలు

ఆట అయ్యాక కిందికి పోయాను. హాలు వెనక నీడలో లక్ష్మి పద్మకు జడ సరిచేస్తోంది.

"ఎన్నాళ్ల నుంచి పోస్తాండావు నీళ్లు?" అని అడిగాను.

నా మొహంలోకి చూసింది. "సూసినావా ఈ పొద్దు? ఇన్నాళ్లకు?"

"సూసినా."

"మూడు నెల్లాయ. ఈ నెలంతా నీళ్లే. వాసనకింత సారా. నీళ్లయితే అరవవులే అనుకుంటి. కప్పకున్న తెలివి నాకు లేదా అనుకుంటి. నువ్వు నీళ్లు తాగి గూడా కొడితివి. ఆ దినమే పోవాలనుకుంటి" అంది.

కాళ్లు పట్టుకుందామనుకున్నాను. పట్టుకోలేదు. అది కొంగ చేసే పనే. సోమవారం నేనే పెట్టె మోసి బస్సు ఎక్కించాను. "నువ్వు రావద్దు. రావాలనిపిస్తే నేనే వస్తా" అంది.

హాలుకు తిరిగొచ్చి, ఉస్తాద్‌కు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. ఆ రోజు నుంచి, కార్టూన్ మొదలవ్వగానే ఆయన పైకి వచ్చి, వెనక తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సారా లేక చేతులు వణికిన రోజుల్లో కార్బన్లు ఆయనే సరిచేసేవాడు. నేను తెర చూసేవాణ్ణి.

ఖాళీగా ఉన్నప్పుడు రీలు తీసి వెలుతురుకు పట్టి చూసేవాణ్ణి. సెకనుకు ఇరవై నాలుగు, పది నిమిషాలకు పధ్నాలుగు వేల పైన బొమ్మలు. ప్రతి ఒక్కటీ ఎవరో చేత్తో గీసిందే. ఏ దేశమో, ఏ గదిలో కూర్చున్నారో. ఆదోని పేరు కలలో కూడా విననివాళ్లు. వాళ్లకు నా ఇంటి సంగతి ఎట్లా తెలిసింది? గూట్లోని సీసా సంగతి ఎవరు చెప్పారు? ఇప్పటికీ తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొంగ రాక్షసుడయ్యే చోటును ఒక్కొక్క బొమ్మా వేలు పెట్టి వెతికాను. పక్కపక్క బొమ్మల్లో తేడా వెంట్రుకంత. ఏ బొమ్మలో మంచివాడు పోయాడో, ఏ బొమ్మలో రెండోవాడు వచ్చాడో చెప్పలేకపోయాను. ఇద్దరూ ఒక్కడే కాబట్టి చెప్పలేమని చివరికి అర్థమైంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఒక్క మాట. మనం చూపించేది మనకు కాదులే, జనానికి కదా అనుకుంటాం. బడిపంతులూ అట్లాగే అనుకుంటాడు, పూజారీ అట్లాగే అనుకుంటాడు. అనుకోవద్దు. శిరీషకు మీట నొక్కితే చాలు, నిజమే. మీట నొక్కాక కుర్చీ తెర వైపు తిప్పుకుని కూర్చోమని చెబుతాను.

సారా మానడం సగం పనే. నీళ్లు తాగి అరిచినవాణ్ణి మాన్పించడం అంతకంటే కష్టం. వాడికి అంగడి అక్కర్లేదు. ఒంటరిగా ఉన్న ఆ రెండు నెలల్లో పాలు పొంగినా, తాళం చెవి కనపడకపోయినా గొంతు లేచేది. గోడను చూసి ఆగేవాణ్ణి. కొన్నిసార్లు ఆగలేదు కూడా.

ఒకరోజు ఆట ముగించి ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. లోపల ట్రంకు పెట్టె. లక్ష్మి పొయ్యి దగ్గర ఉంది, తిరిగి చూడలేదు. కాళ్లు కడుక్కుని, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. తాగాను. చెంబు కింద పెట్టాను. ఆమె కదలకుండా అక్కడే నిలబడి నా మొహమే చూస్తోంది.

"ఏం, అరవవా?" అంది.

తల అడ్డంగా ఊపాను. తలుపు వెనక నుంచి పద్మ కిసుక్కుమంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది, ఆపుకోలేక పగలబడి నవ్వింది. అంతకుముందు దాని నవ్వును హాల్లో, మూడు వందల మంది నవ్వుల్లో కలిసిపోగా విన్నాను, అంతే. మా ఇంట్లో వినడం అదే మొదటిసారి.